గాలికి కట్టే పన్ను – ఒక ఏటి ఆటపద్దు



పద్దు వ్రాయటం నాకు మా నాన్నగారి నుంచి వచ్చిన అలవాటు. పాలవాడికిచ్చినది, పత్రికకిచ్చినది, పెళ్ళిళ్ళలో చదివించినది – ఏదీ పుస్తకానికెక్కకుండా పోదు. అటువంటి నా పుస్తకంలో కూడా ఒక ఖర్చుకు ఏళ్ళ తరబడి స్వంత పుట లేకపోయింది. ఖమ్మంలో ప్రతి ఉదయం ఒక గంటసేపు నేనాడే షటిల్ బ్యాడ్మింటన్‌కయ్యే ఖర్చు అది. ఒకనాడు మందుల క్రింద, ఒకనాడు పెట్రోలు క్రింద, ఒకనాడు ‘చిల్లర’ అనే అనాథశరణాలయం క్రింద చెదరిపోయి ఉండేది.

ఒకనాడు మా మనుమడు అడిగాడు: “తాతయ్యా, నీ ఆటకు సంవత్సరానికి ఎంతవుతుంది?” నేను తడుముకోకుండా “ఎంతవుతుందిరా, నాలుగైదు వేలు” అన్నాను. అన్న తరువాత నాకే అనుమానం వచ్చింది. ఆ ఉగాదినాడు పంచాంగశ్రవణంలో నా రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో సిద్ధాంతిగారు చదివారు. షటిల్ సంగతి ఆయన చెప్పలేదు కనుక ఇంటికి వచ్చి నేనే ఒక క్రొత్త పుట తెరిచాను. ఉగాది నుంచి ఉగాదికి, ఏడాది పొడుగునా, దాచకుండా వ్రాశాను. పండుగలు, ముసురుపట్టిన రోజులు, ఊరి ప్రయాణాలు పోగా నేనాడిన దినాలు 250. పద్దు ఇది:

కోర్టు రుసుము, నెలకు 1,000 చొప్పున – రూ. 12,000
ఈకల షటిళ్ళలో నా వంతు – రూ. 18,750
బూట్లు, ఒక జత – రూ. 3,000
రాకెట్టు (3,000 పెట్టి కొన్నది, మూడేళ్ళు వస్తుందన్న ఆశతో) – రూ. 1,000
గట్టింగు, రెండుసార్లు – రూ. 1,000
పిడికి చుట్టే గ్రిప్పులు, నాలుగు – రూ. 400
పెట్రోలు – రూ. 3,200
మోకాలి పట్టీ, తైలం, ఒకసారి వైద్యుడు – రూ. 1,500
ఆట తరువాత టీ – రూ. 2,500
వెరసి – రూ. 43,350

నాలుగైదు వేలన్న మనిషిని నేను. పద్దు చూచి మనుమడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పింఛను వస్తున్నది, బాధ్యతలు తీరాయి, ఈ మొత్తం నన్ను ముంచదు. ఐనా ఆ పుటను మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాను. ఏ వరుస దగ్గర చూపు ఆగుతున్నదో మీరూ గ్రహించే ఉంటారు. కోర్టుకంటె, బూట్లకంటె, రాకెట్టుకంటె పెద్దది ఈకల ఖర్చు.

షటిల్‌కాక్ అనే ఆ వస్తువును ఒకసారి చేతిలోకి తీసుకొని చూడండి. బిరడా దిమ్మెలో గుచ్చిన 16 ఈకలు. మొత్తం బరువు 4.74 నుంచి 5.50 గ్రాముల మధ్య ఉండాలని నియమం. ఈకలన్నీ పక్షికి ఒకే వైపు రెక్కవి కావాలి. ఎడమవీ కుడివీ కలిస్తే అది సరిగా తిరగదు. శ్రేష్ఠమైనవి పెద్దబాతు ఈకలు, తరువాతివి మామూలు బాతువి. మన దేశంలో పశ్చిమ బెంగాల్ హావ్‌డా జిల్లాలోని ఉలుబేడియా ప్రాంతంలో బాతు ఈకలను ఏరి, కత్తిరించి, దారం చుట్టి, జిగురు పెట్టి వీటిని చేస్తారు. ప్రపంచానికంతకూ ఈకలు ఎక్కువగా వచ్చేది చైనా నుంచి. అక్కడ బాతు మాంసం తినటం తగ్గితే ఇక్కడ ఖమ్మంలో నా పద్దు పెరుగుతుంది. 2024, 2025 సంవత్సరాలలో జరిగినది అదే. ఈకలు కొరవడి డబ్బా ధర మీద ధర పెరిగింది. శృంగార నైషధంలో నలమహారాజు చేజిక్కిన హంసను దాని మొర విని విడిచిపెట్టాడు. మేము విడిచిపెట్టటం లేదు. రోజుకు మూడు చొప్పున విరగకొడుతున్నాము.

మూడు అన్నది అతిశయోక్తి కాదు. నలుగురం డబుల్స్ ఆడితే గంటలో మూడు ఈకల షటిళ్ళు చెడిపోతాయి. మా ఎండలకు ఈక ఎండి పెళుసెక్కుతుంది. ముందునాటి రాత్రే డబ్బాకు ఆవిరి పట్టి ఉంచే జాగ్రత్తపరులున్నారు. ఆవిరి పట్టినా, పట్టకపోయినా ఒక్క గట్టి స్మాష్‌కు రెండు ఈకలు రాలిపోతే షటిల్ దారి తప్పుతుంది. మేము కొనే రకం ఒక్కొక్కటి నూరు రూపాయలు. అంటే రోజుకు 300 రూపాయలు. నలుగురికి పంచితే తలకు 75. అలా 250 దినాలకు 18,750.

ఈ 300 అన్న అంకె నాకు ఎక్కడో తగిలినట్లుండి ఆలోచించాను. 2024-25లో తెలంగాణలో ఉపాధి హామీ పనికి నిర్ణయించిన దినకూలి సరిగ్గా 300 రూపాయలు. అడవి అంచు పల్లెలో ఒక మనిషి చెరువు మట్టి త్రవ్వి సంపాదించే ఒకరోజు కూలిని, మేము నలుగురం సూర్యోదయం నుంచి టీ వేళ లోపల చెత్తబుట్టలో వేసి వస్తున్నాము. ఇది పాపమని నేననను. ఆట ఆడటం పాపమైతే ప్రపంచంలో పుణ్యమే లేదు. కాని ఒకసారి తెలిసిన అంకె మరల తెలియనట్లు ఉండదు.

“ఈకలెందుకు, నైలాను షటిల్ వాడకూడదా?” అని మీరడుగుతారు. వాడవచ్చు. మొన్నమొన్నటిదాకా మేము వాడినదీ అదే. నైలానుది ఒకటి 160 రూపాయలైనా రెండు దినాలు నిలుస్తుంది. నా వంతుకు ఏడాదికి 5,000. అప్పుడు మొత్తం 29,600కు దిగుతుంది. దిగినా చూడండి, 2005 నాటి చట్టం కుటుంబానికి ఏటా హామీ ఇచ్చినది నూరు రోజుల పని. నూరు రోజుల కూలి 30,000. ఒక కుటుంబపు నూరు దినాల చెమటా, ఒక విశ్రాంత పండితుని పొద్దుటి సరదా, పొదుపుగా ఆడినా, ఒకే తూకం.

ఇంత ఖర్చు ఈ ఆటకు ఎక్కడి నుంచి వచ్చింది? సన్న్యాసి గోచీ కథ మీకు తెలిసినదే. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చాడు, పిల్లికి పాలకోసం ఆవును తెచ్చాడు, ఆవుకు గడ్డికోసం పొలం చేశాడు, పొలం చూచుకోవటానికి పెళ్ళి చేసుకున్నాడు. షటిల్ కథ కూడా అంతే. అయిదు గ్రాముల వస్తువు కనుక చిరుగాలికే తొలగిపోతుంది. గాలి తగలకూడదు కనుక నాలుగు గోడలు, రేకుల కప్పు కావాలి. కప్పు వేశాక చీకటి కనుక దీపాలు కావాలి. లోపల నేల గట్టిదైతే మోకాళ్ళు పోతాయి కనుక చెక్క పరిచి దానిమీద పచ్చని మ్యాటు వేయాలి. మ్యాటు మీద గీతలు పడకూడదు కనుక దానికి ప్రత్యేకమైన బూట్లు కావాలి. ఇదంతా ఊరి మధ్య కట్టరు కనుక ఊరి చివరకు పోవటానికి పెట్రోలు కావాలి. పద్దులో మోకాలి తైలమూ, టీనీళ్ళూ తప్ప తక్కినదంతా ఏదో ఒక విధంగా గాలి చుట్టూ తిరుగుతున్నదే. ఆ 43,350లో ఎక్కువ భాగం నేను గాలికి కడుతున్న పన్ను.

గాలితో పోట్లాడకుండా, గాలితో రాజీపడిన ఆట ఒకటి మనకున్నది. అది బాల్ బ్యాడ్మింటన్. మా తరంవారికి ‘బ్యాడ్మింటన్’ అంటే ముందు గుర్తుకు వచ్చేది అదే. షటిల్ ఆటకు పుణె దండుప్రదేశంలో ఆంగ్ల సైనికాధికారులు 1870 ప్రాంతంలో నియమాలు వ్రాసుకున్నారు. పేరేమో ఇంగ్లండులోని ఒక దొరవారి భవనానిది. బంతి ఆటకు పుట్టినిల్లు తంజావూరు. ఒకప్పుడు తెలుగు కవులకు ఆశ్రయమిచ్చిన ఆ తంజావూరే. ఈకల బదులు పసుపుపచ్చని ఊలుబంతి. బరువు 27 నుంచి 30 గ్రాములు, షటిల్‌కు అయిదారు రెట్లు. సాయంకాలపు గాలి దానిని ఏమీ చేయలేదు. పైన కప్పు వద్దు, చుట్టూ గోడ వద్దు. 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు ఉన్న చదునైన మట్టినేల చాలు. ప్రక్కకు అయిదుగురు, వెరసి పదిమంది ఒకేసారి ఆడవచ్చు. 1954లోనే దీనికి అఖిలభారత సమాఖ్య ఏర్పడింది. ఈ ఆటలో 1970లో అర్జున పురస్కారం పొందిన జమ్మలమడక పిచ్చయ్యగారు మన తెలుగువారు. నూరేళ్ళు పైబడి జీవించి 2021 డిసెంబరులో వరంగల్లులో కన్నుమూశారు. బంతి ఆట మన కావ్యాలకూ క్రొత్త కాదు. దండి దశకుమారచరితంలో, కేతన తెనిగించిన దశకుమారచరిత్రలో బంతి ఆడి జనాన్ని ముగ్ధులను చేసే రాజకుమారి పేరే కందుకావతి.

ఇక్కడ నా ఉద్యోగకాలపు సంగతి ఒకటి చెప్పక తప్పదు. 1980ల చివర భద్రాచలం అవతల, దుమ్ముగూడెం వైపు అడవి అంచున ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా పనిచేశాను. వ్యాయామోపాధ్యాయుడు లేని బడి కావటంచేత ఈల కూడా నా మెడలోనే వేశారు. ‘శబ్దపల్లవాలు చెప్పేవాడు శబ్దం చేయలేడా’ అన్నది ప్రధానోపాధ్యాయుల వారి చమత్కారం. బడి వెనుక ఇప్పచెట్ల ప్రక్కన నేల చదును చేసి, రెండు వెదురు గుంజలు పాతి, గోదావరిలో వేటకు పనికిరాకుండా పోయిన పాత చేపలవలను నడుమ కట్టాము. సున్నంతో గీతలు. బ్యాట్లు పది, వాటిలో మూడింటికి తెగిన తీగలను నైలాను దారంతో ముడివేసుకున్నాము. బంతి తడిస్తే వంటపాక పొయ్యి దగ్గర ఆరబెట్టేవారు పిల్లలు. కోయ పిల్లలు, లంబాడీ పిల్లలు, ఊళ్ళో షావుకారుగారి అబ్బాయి – అందరూ ఆ వలకు ఇరువైపులా చేరేవారు. చెప్పులు లేనివారే ఎక్కువ. బూట్లున్నవారు కూడా సిగ్గుపడి విప్పేసి ఆడేవారు. ఆ ఆటకు ఏడాదికి ఎంతయిందని అప్పుడెవరూ లెక్క వేయలేదు, వేయవలసినంత లేకపోయింది కనుక.

ఇప్పుడు వేసి చూశాను. ఈ మధ్య నేను కొన్న ఊలుబంతి 60 రూపాయలు. వారానికి రెండు బంతులనుకుంటే ఏడాదికి 6,240. పదిమందికి పంచితే తలకు 624. రెండేళ్ళు వచ్చే బ్యాటు 1,200 అనుకుంటే ఏటికి 600. వల, గుంజలు, సున్నం అన్నీ కలిపి 1,500; తలకు 150. క్యాన్వాసు బూట్లు కూడా వేసుకుంటామంటే మరో 600. వెరసి 1,974. నా ఒక్క యేటి షటిల్ ఖర్చుతో ఒక మనిషి సుమారు ఇరవై రెండేళ్ళు బంతి ఆట ఆడుకోవచ్చును.

మరి ఇంత చవకైన ఆట ఎందుకు వెనుకబడింది? దాని వెనుక మన తెలుగువారి కీర్తి కూడా ఉన్నదని ఒప్పుకోవాలి. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండు గెలిచినప్పుడు నేను తరగతిలో పాఠం ఆపి మిఠాయి పంచాను. ఆయన ఇల్లు తాకట్టు పెట్టి మరీ పూనుకొని, 2008లో గచ్చిబౌలిలో అకాడమీ తెరిచారు. అక్కడ తర్ఫీదు పొందినవారిలో సైనా నెహ్వాల్ 2012 లండన్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016 రియోలో రజతం తెచ్చారు. 2019లో సింధు ప్రపంచ విజేత అయింది. గుంటూరు బిడ్డ శ్రీకాంత్ 2017లో ఒకే ఏట నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు గెలిచాడు. అమలాపురం నుంచి వచ్చిన సాత్విక్ ఉన్న జట్టు 2022లో థామస్ కప్ తెచ్చింది. ఇంతటి వెలుగు ఒకవైపు ఉంటే, ఒలింపిక్స్‌లో లేని ఊలుబంతి వైపు ఏ పిల్లవాడు చూస్తాడు? ఊరూరా రేకుల కప్పులు లేచాయి. లేవటం మంచిదే. కాని ఆ కప్పుల క్రిందికి పోవాలంటే ముందు డబ్బు చెల్లించాలి. వెలుగు అందరిదీ అయింది, నేల మాత్రం చందాదారులదయింది.

2025 ఫిబ్రవరిలో గోపీచంద్ గారే ఒక పత్రికతో మాట్లాడుతూ, ధనిక కుటుంబాలవారైతే తప్ప పిల్లలను ఆటలే వృత్తిగా పెంచవద్దన్న అర్థంలో హెచ్చరించారు. చాలామందికి ఆ మాట కటువుగా తోచింది. నాకు అందులో అనుభవజ్ఞుని ఆవేదన వినిపించింది. ఐతే ఆయన చెప్పినది ఆటను బ్రతుకుతెరువు చేసుకొనేవారి సంగతి. నా గోడు అంతకంటె చిన్నది. పతకం అడగనివాడు, ఉద్యోగం అడగనివాడు, కేవలం ఒక గంట చెమట పట్టి నవ్వుకొని ఇంటికి పోదామనుకొనేవాడు, వాడు కూడా ముందు తన జేబు తడుముకోవలసి వస్తున్నది.

అలా తడుముకొన్న ఒక మనిషిని గురించి చెప్పటానికే నిజానికి ఈ టపా మొదలుపెట్టాను. చెప్పటానికి సంకోచించి ఇంతదూరం లెక్కలు వల్లించాను.

మా నలుగురి జట్టులో ఒక మిత్రుడుండేవాడు. బట్టల దుకాణంలో గుమాస్తా. వయసులో నాకంటె పదిహేనేళ్ళు చిన్న. వల దగ్గర అతడు వేసే డ్రాప్ చూచి తీరవలసినదే. ఆకు మీది మంచుబొట్టు జారినట్లు పడేది. ఆ ఉగాదికి ముందు మా జట్టులో ఒకాయన “ఇన్నేళ్ళుగా ప్లాస్టిక్‌తో ఏమాట? ఈకలతో ఆడితేనే ఆట” అన్నాడు. ప్రక్క కోర్టులో కుర్రవాళ్ళు ఈకలతోనే ఆడుతున్నారు. నలుగురిలో ముగ్గురం సరే అన్నాము. ఆ ముగ్గురిలో నేను మొదటివాడిని. గుమాస్తా మిత్రుడు కూడా తల ఊపాడు. రెండు నెలలు వచ్చాడు. తరువాత “మోకాలు నొప్పి” అని మానేశాడు. మేము నొచ్చుకున్నాము, తైలం పేరు చెప్పాము, మరొకరిని చేర్చుకున్నాము, ఆట సాగిపోయింది.

నాలుగు నెలల తరువాత ఒక సాయంకాలం లకారం చెరువు కట్టమీద కనిపించాడు. నడక కాదది, దాదాపు పరుగు. నేనే అందుకోలేక పిలిచాను. “ఏమయ్యా, మోకాలు తగ్గినట్లుందే! రేపటి నుంచి రారాదూ?” అన్నాను. అతడు చెమట తుడుచుకొని, క్షణం ఆగి, నవ్వుతూనే అన్నాడు:

“మోకాలు మంచిగనే ఉంది సారూ. నెల జీతమే కుంటుతున్నది.”

అంతే. మళ్ళీ నడక సాగించాడు. నేను గట్టు మీద బల్లపై కూర్చుండిపోయాను. ముప్పై యేళ్ళకు పైగా పిల్లలకు భాష చెప్పాను. ఒక మనిషి ‘మోకాలు నొప్పి’ అన్నప్పుడు దాని అర్థం తెలియలేదు. ఆనాడు చేయి ఎత్తి ఈకలకు సరేనన్నప్పుడు, ఆ చేతితోనే అతనిని బయటకు పంపుతున్నానని తెలియలేదు. ఎవరూ అతనిని పొమ్మనలేదు. 75 రూపాయలు పొమ్మన్నాయి.

ఆ తరువాత కొద్దిరోజులకే భద్రాచలం బస్సు ప్రాంగణంలో అడవి అంచు బడిలోని నా పాత విద్యార్థిని ఒకామె కాళ్ళకు నమస్కరించింది. ఆమె సర్వీసు చేస్తే ఎదుటి అయిదుగురూ కదలలేకపోయేవారు. “సార్, మా పాప టీవీల సింధును చూసి షటిల్ నేర్చుకుంటానంటోంది. నెలకెంతయితది?” అని అడిగింది. నా పుటలోని అంకెలు చెప్పాను. ఆమె లెక్క మధ్యలోనే ఆపి, “మనకు చేపలవల సరిపోయింది గదా సార్” అన్నది. ఎత్తిపొడుపు కాదు, జ్ఞాపకం చేసుకొంటున్నది. నా దగ్గర సమాధానం లేదు.

నాకు వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. ‘ఆరోగ్యం కొనుక్కుంటున్నావు, ఖర్చెందుకు చూస్తావు’ అంటారు. నిజమే, నా చక్కెరవ్యాధి మాత్ర సగానికి దిగింది. కాని ఆ గుమాస్తాకూ ఒక గుండె ఉన్నది, రెండు ఊపిరితిత్తులున్నాయి. ‘నడిస్తే పైసా ఖర్చు లేదు కదా’ అంటారు. నడక వ్యాయామం, ఆట కాదు. నడకలో ఎదుటివాడు లేడు, ఓడించటం లేదు, ఓడి నవ్వటం లేదు. ‘బంతి ఆటకు పతకాలు రావు’ అంటారు. అరవై దాటిన నాకు షటిల్‌లో మాత్రం ఏ పతకం వస్తుంది? ‘కోర్టు కట్టినవాడు అప్పు తీర్చుకోవద్దా’ అంటారు. తీర్చుకోవాలి, నేను కట్టే వేయిరూపాయల మీద నాకే ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదు మా మీదనే. ఒక సరదా ఖరీదును జట్టులోని అందరికంటె చిన్న జేబును చూచి నిర్ణయించాలి. మేము పెద్ద జేబును చూచి నిర్ణయించాము.

భారతంలో కురుకుమారుల బంతి నూతిలో పడిన కథ మనమందరం పాఠంగా చెప్పినదే. రాజకుమారులు చుట్టూ నిలబడి చూస్తుంటే, కొడుకుకు పాలు కూడా పోయలేని పేదబ్రాహ్మణుడు ద్రోణుడు గడ్డిపుల్లలతో ఆ బంతిని పైకి తీశాడు. ఆ బంతి వల్లనే ఆయనకు కొలువు దొరికింది. ఆ కొలువు దొరికిన తరువాతనే అడవి నుంచి వచ్చిన ఏకలవ్యుడిని కాదన్నాడు. పేదరికం తెలిసిన గురువు కొలువులో కూర్చున్నాక అడవి పిల్లవాడిని ఎలా కాదన్నాడని పాఠం చెప్పినప్పుడెల్లా పిల్లలు అడిగేవారు. నేనేదో వ్యాఖ్యానం చెప్పేవాడిని. చేపలవల కట్టి ఆడించిన పంతులు ఈకలకు చేయి ఎత్తిన ఈ ఏడు గడిచిన తరువాత, ఆ ప్రశ్నకు వ్యాఖ్యానం అక్కరలేదని తెలిసింది.

ఊరక విలపించి ఊరుకోవటం నా స్వభావం కాదు కనుక, నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను.

ఒకటి. ఏబది దాటినవారి జట్లలో నైలాను షటిలే నియమం కావాలి. ఈకల ముచ్చట ఉంటే పండుగకో, పోటీకో దాచుకుందాము. మన చేతి వేగానికి ఆ తేడా తెలిసేది చాలా తక్కువ. తెలుస్తుందనుకోవటం మన డాంబికం.

రెండు. తెలంగాణలో 2022 జూన్ నుంచి పల్లెపల్లెకూ క్రీడాప్రాంగణాలను తలపెట్టారు. నేల ఉన్నచోట మిగిలిన పని పెద్దది కాదు: రెండు గుంజలు, ఒక వల, పది బ్యాట్లు, ఒక డబ్బా ఊలుబంతులు. ఊరి నుంచి ఉద్యోగాలకు పోయిన ఒక్కరు పూనుకుంటే చాలు. మా నలుగురి షటిల్ ఖర్చు ఏడాదికి 75,000. ఆ డబ్బుతో ఎన్ని పల్లెల బంతులు వస్తాయో మీరే లెక్క వేయండి.

మూడు. ప్రభుత్వ పాఠశాలల మైదానాలు ప్రొద్దున అయిదున్నర నుంచి ఏడున్నర దాకా ఊరివారికి తెరచి ఉంచాలి. తాళంచెవి బాధ్యతను ఊళ్ళోని విశ్రాంత ఉపాధ్యాయులకు అప్పగించండి. మాకంటె కచ్చితంగా లేచేవారు ఊళ్ళో ఎవరూ ఉండరు.

నాలుగు. కప్పు ఉన్న కోర్టులు సెలవురోజుల పగటివేళ ఖాళీగా పడి ఉంటాయి. ఆ గంటలను ప్రభుత్వ బడి పిల్లలకు నామమాత్రపు రుసుముకు ఇవ్వమని నడిపేవారిని అడుగుదాము. పాత షటిళ్ళు మేమిస్తాము. ఒకటి రెండు ఈకలు విరిగినదైనా నేర్చుకొనే పిల్లకు పనికివస్తుంది; మేము చెత్తబుట్టలో వేసే వాటిలో సగం అటువంటివే.

క్రొత్త ఉగాదికి పుట మార్చాను. జట్టులో మాట్లాడి నైలానుకు మరలాము. ఈకలు కోరిన మిత్రుడు కొంత గొణిగి ఊరుకున్నాడు. ఆదివారాలు మాత్రం ఒక బడి మైదానంలో అనుమతి తీసుకొని రెండు గుంజలు పాతాము. ఊలుబంతి, పదిమందిమి. మొదటి ఆదివారం నడుములు పట్టేశాయి. షటిల్ ఆడిన మణికట్టుకు ఈ బంతి బరువు క్రొత్త. గుమాస్తా మిత్రుడు ఆదివారాలు వస్తున్నాడు. తక్కిన రోజులలో ఇంకా రావటం లేదు. నెలకు వేయి రూపాయల కోర్టు రుసుము అలాగే ఉన్నది కదా. నేను కడతాననలేను, అంటే అతడు ఆదివారం కూడా మానేస్తాడు. ఈ చిక్కుకు నా దగ్గర పరిష్కారం లేదు, మీకేమైనా తోస్తే చెప్పండి.

మరొక్క మనవి. మీలో చాలామంది ఏదో ఒక ఆట ఆడేవారే. హైదరాబాదులో, బెంగుళూరులో, సముద్రాల అవతల ఉన్నారు. ఒక ఏడాది మీరూ పద్దు వ్రాసి చూడండి. మొత్తం ఎంతయిందన్నది నాకు చెప్పకపోయినా సరే. ఆ ఏడాదిలో మీ జట్టులోంచి ‘మోకాలు నొప్పి’ అని మానేసినవారెవరో మాత్రం ఒకసారి గుర్తు చేసుకోండి.